19 కోట్ల చుక్కలు, ఒకే దారి

తొలకరికి ముందు అనంతపురం జిల్లా పల్లెల్లో విత్తనపు చెనిక్కాయలు ఒలిపించడం ఒక పెద్ద పని. యంత్రంలో ఆడిస్తే పప్పు చిట్లి మొలక దెబ్బతింటుందన్న జంకుతో, చేతితో ఒలిచిన విత్తనాన్నే నమ్ముకునే రైతులు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి రైతు కాయల మూటలను ఒక ఆటోలో వేసుకొని, పనికి ఒప్పుకున్న ఇళ్ల ముందు ఒక్కొక్కచోట దించుకుంటూ పోతాడు. ఆటో ఒకటే కనుక ఒక వాకిట్లో మూటలు దించుతున్నంతసేపూ ఆ వెనుక ఇళ్లవాళ్లు చేతులు కట్టుకొని కూర్చోవలసిందే. వాన పడితే విత్తనం ఆగదు. అన్ని ఇళ్లలోనూ ఒలవడం పూర్తయితేనే ఆయన పని పూర్తయినట్టు. ఏ ఇంటికి ఎన్ని మూటలు వేయాలి, ఏ ఇంటికి ముందు పోవాలి అన్న రెండు ప్రశ్నలకూ ఆయన మనసులో ఏదో ఒక లెక్క ఉంటుంది.

ఈ రెండు ప్రశ్నలనే కంప్యూటర్ల విషయంలో గణితంగా మలిచిన శాస్త్రానికి విభాజ్య భార సిద్ధాంతమని, ఇంగ్లీషులో డివిజిబుల్ లోడ్ థియరీ అని పేరు. న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్‌లో పనిచేసిన థామస్ రాబర్టాజీ, ఆయన సహరచయిత చెంగ్ కలిసి 1988లో ప్రచురించిన పరిశోధనా పత్రంతో ఇది మొదలైందని చెప్పుకుంటారు. గొలుసులా ఒకదాని పక్కన ఒకటి కట్టిన ప్రాసెసర్ల మధ్య కొలతల సమాచారాన్ని పంచేటప్పుడు, పంపడానికి పట్టే కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది వారి ఆలోచన. అదే ఏడాది అగ్రవాల్, జగదీశ్ అనే ఇద్దరు విడిగా ఇలాంటి ప్రశ్ననే పరిశీలించారు. ఆ తర్వాతి దశాబ్దంలో ఈ శాస్త్రం ఎదిగిన చోట్లలో ఒకటి మనకు చాలా దగ్గర: బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో దేబాశీష్ ఘోష్, వి. మణి, వీరవల్లి భరద్వాజ్ దీనిమీద విస్తృతంగా పనిచేశారు. రాబర్టాజీతో కలిసి వారు రాసిన గ్రంథం 1996లో వెలువడింది.

అన్ని పనులూ విభాజ్యం కావు. గుండిగ నిండా ఉన్న సంగటిని ఎన్ని ముద్దలుగానైనా చేసి ఎంతమందికైనా వడ్డించవచ్చు గాని, ఆ సంగటిని కెలికే పనిని పదిమందికి పంచి పదో వంతు కాలంలో ముగించడం కుదరదు. విభాజ్య భారం అనిపించుకోవాలంటే సమాచారాన్ని ఎక్కడ కోసినా ఫరవా ఉండకూడదు, ఒక ముక్కను లెక్కించేవాడికి పక్క ముక్కతో మాట్లాడే అవసరం రాకూడదు, ముక్క ఎంత పెద్దదైతే పని కూడా సరిగ్గా అంతే పెరగాలి. మూడో షరతు చూడడానికి అమాయకంగా ఉంటుంది కాని, అసలు మెలిక అక్కడే ఉంది. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

మన ప్రాంతం నుంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. 2022 ఏప్రిల్‌లో విడిపోకముందు అనంతపురం జిల్లా విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు. ఐరోపా అంతరిక్ష సంస్థ వారి సెంటినెల్-2 ఉపగ్రహాలు నేలను ఎరుపు, పరారుణ కాంతులలో 10 మీటర్ల చుక్కలుగా చిత్రిస్తాయి. అంటే ఒక చదరపు కిలోమీటరుకు 10,000 చుక్కలు, ఉమ్మడి జిల్లా మొత్తానికి 19 కోట్ల పైచిలుకు. ఆకు పచ్చగా ఉన్న పైరు ఎరుపు కాంతిని పీల్చుకొని, పరారుణాన్ని వెనక్కి తిప్పికొడుతుంది. ఆ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే ఆ చుక్కలో పచ్చదనం ఎంత ఉందో తెలుస్తుంది. ఉరవకొండ దగ్గరి చుక్కకూ హిందూపురం దగ్గరి చుక్కకూ ఈ లెక్కలో ఏ సంబంధమూ లేదు. ఇంతకంటే నిఖార్సయిన విభాజ్య భారం దొరకదు.

ఆ 19 కోట్ల చుక్కలను మూడు కంప్యూటర్లకు పంచాలనుకుందాం. పచ్చదనం మాత్రమే కాక, ఒక్కొక్క చుక్కలో ఏ పైరు ఉందో తేల్చే కాస్త బరువైన లెక్క చేస్తున్నామని అనుకోండి. సులువు కోసం కోటి చుక్కలను ఒక యంత్రానికి పంపడానికి 1 నిమిషం, ఆ యంత్రం వాటిని లెక్కించడానికి 2 నిమిషాలు పడుతుందని పెట్టుకుందాం. పంచే కంప్యూటరు ఒక సమయంలో ఒక్క యంత్రానికే పంపగలదు, తాను లెక్క చేయదు. వాటా పూర్తిగా అందాకే ఏ యంత్రమైనా పని మొదలుపెడుతుంది.

ధర్మంగా తలా మూడో వంతు ఇచ్చామంటే ఏమవుతుంది? మొదటి యంత్రం 19 నిమిషాలకే ముగించి ఖాళీగా కూర్చుంటుంది. రెండోది 25 నిమిషాల 20 సెకన్లకు ముగిస్తుంది. తన వాటా అందేసరికే 19 నిమిషాలు గడిచిపోయిన మూడోది 31 నిమిషాల 40 సెకన్లకు గాని తెమలదు. దీనికి బదులు మొదటిదానికి 9 కోట్లు, రెండోదానికి 6 కోట్లు, మూడోదానికి 4 కోట్లు ఇచ్చి చూడండి. మొదటిది 9 నిమిషాలు అందుకొని 18 నిమిషాలు లెక్కిస్తుంది. రెండోదానికి 15వ నిమిషానికి సరుకు అంది, 12 నిమిషాల లెక్క మిగులుతుంది. మూడోదానికి 19వ నిమిషానికి అంది, 8 నిమిషాల లెక్క మిగులుతుంది. మూడూ సరిగ్గా 27వ నిమిషంలో ఆగుతాయి. యంత్రాలు అవే, తీగ అదే, నాలుగున్నర నిమిషాలకు పైగా మిగిలింది.

అందరూ ఒకేసారి ముగించడమే ఈ సిద్ధాంతానికి మూలస్తంభం. ఒకరు ముందుగా ముగించారంటే, ఆలస్యమయ్యేవారి వాటా నుంచి పిడికెడు తీసి వారికి వేయవచ్చు. అలా వేయగలిగినంతకాలం మన పంపకం ఇంకా బాగుపడవచ్చునన్నమాట. ఈ ఒక్క సూత్రంతో వాటాలు వాటంతట అవే బయటికి వస్తాయి: ఒక యంత్రం తన వాటాను లెక్కించే కాలమూ, దాని వెనుకదాని వాటాను పంపి లెక్కించే మొత్తం కాలమూ సమానం కావాలి. మన లెక్కలో రెండు నిమిషాలు ఒకవైపు, మూడు నిమిషాలు మరొకవైపు కనుక ప్రతి వాటా తన ముందుదానిలో మూడింట రెండు వంతులు. వరుసలో వెనుకబడిన ఇంటికి తక్కువ మూటలు వేసే రైతు చేస్తున్నది కూడా ఇదే, భిన్నాల పేర్లు లేకుండా.

ఇక యంత్రాలు పెంచుకుంటూ పోతే? ఒక్క యంత్రానికి 57 నిమిషాలు, రెండింటికి 34 నిమిషాల 12 సెకన్లు, మూడింటికి 27 నిమిషాలు, అయిదింటికి దాదాపు 22 నిమిషాలు, పదింటికి 19 నిమిషాల 20 సెకన్లు. మరో పది తెచ్చి ఇరవై చేస్తే మిగిలేది 20 సెకన్లు. వెయ్యి తెచ్చినా 19 నిమిషాలకు దిగువకు రాదు, ఎందుకంటే 19 కోట్ల చుక్కలను ఆ ఒక్క దారిన పంపడానికే 19 నిమిషాలు కావాలి. మా ఊళ్లో ఒక కళాశాల ప్రయోగశాలలో విద్యార్థుల ప్రాజెక్టుకు సాయంగా కూర్చున్నప్పుడు సరిగ్గా ఈ గోడకే తగిలాము. యంత్రాల సంఖ్య రెట్టింపు చేసినా గడియారం కదలకపోయేసరికి పిల్లలు రెండు రోజులపాటు తమ ప్రోగ్రాములో తప్పు వెతికారు. తప్పు మూలన దుమ్ముపట్టి ఉన్న పాత నెట్‌వర్క్ స్విచ్‌లో, అంటే యంత్రాల తీగలన్నీ కలిసే పెట్టెలో ఉంది. కొత్త యంత్రాలకు డబ్బు అడిగినంత సులువుగా కొత్త స్విచ్‌కు అడగరు ఎవరూ. స్విచ్ ఫోటోలో బాగా పడదు కదా.

వరుస సంగతి ఇంతకంటే ఆశ్చర్యకరంగా ఉంటుంది. ఇప్పటిదాకా యంత్రాలన్నీ ఒకే రకం అనుకున్నాం. ఇప్పుడు రెండు వేర్వేరు యంత్రాలు తీసుకోండి. మొదటిది మందబుద్ధి: కోటి చుక్కలను లెక్కించడానికి దానికి 4 నిమిషాలు కావాలి, కాని దానికి వెళ్లే తీగ మంచిది, కోటి చుక్కలు 1 నిమిషంలో అందుతాయి. రెండోది చురుకైనది: కోటి చుక్కలను 1 నిమిషంలో లెక్కించేస్తుంది, కాని దాని తీగ నాసిరకం, కోటి అందడానికి 2 నిమిషాలు. ముందు ఎవరికి పంపాలి? నేను అడిగినవారిలో చాలామంది చురుకైనదానికే అన్నారు. నాలుగు రెట్లు వేగం కదా మరి.

15 నిమిషాల గడువు పెట్టి రెండు వరుసలనూ నడిపి చూద్దాం. మందయంత్రానికి ముందు 3 కోట్లు పంపితే 3 నిమిషాలలో అంది 12 నిమిషాలు లెక్కిస్తుంది. ఆ వెంటనే చురుకైనదానికి 4 కోట్లు పంపితే 11వ నిమిషానికి అంది, 15వ నిమిషానికి ముగుస్తుంది. మొత్తం 7 కోట్లు. వరుస మార్చండి: చురుకైనదానికి ముందు 5 కోట్లు, 10 నిమిషాలలో అంది 15కు ముగుస్తుంది, తర్వాత మందయంత్రానికి మిగిలిన అయిదు నిమిషాలలో 1 కోటి మాత్రమే పడుతుంది. మొత్తం 6 కోట్లే. తీగ వేగంగా ఉన్నదానికి ముందు పంపడమే లాభం. లెక్కించే వేగానికి వరుసను నిర్ణయించడంలో ఏ పాత్రా లేదు.

ఇది ఈ అంకెలకే కలిసివచ్చిన విచిత్రం కాదు. రెండు వరుసలలోనూ దారి ఎంతసేపు వాడుకలో ఉందో చూడండి: మొదటిదానిలో 3 నిమిషాలూ 8 నిమిషాలూ కలిపి 11, రెండోదానిలో 10 నిమిషాలూ 1 నిమిషమూ కలిపి మళ్లీ 11. పక్కపక్కనున్న ఏ రెండు యంత్రాల వరుసను తారుమారు చేసినా, గడువు ఒకటే అయినప్పుడు, దారి వాడుక ఎప్పుడూ సమానంగానే వస్తుందని సులభంగా చూపవచ్చు. కనుక వాటి వెనుక నిలబడ్డ యంత్రాలకు ఏ నష్టమూ లేదు. మారేది ఆ ఇద్దరూ కలిసి మోసే బరువు ఒక్కటే, అది ముందు నిలబడినవారి తీగ ఎంత వేగంగా ఉంటే అంత పెరుగుతుంది. ఇలా పక్కవారిని పక్కవారితో మార్చుకుంటూ పోతే చివరికి మొత్తం వరుస తీగల వేగం ప్రకారం అమరుతుంది. ఇంత చిక్కగా కనిపించే ప్రశ్నకు ఇంత పొట్టి నిరూపణ ఉండడం నాకు ఈ సిద్ధాంతంలో అన్నిటికంటే నచ్చిన భాగం. ఆటో త్వరగా చేరగల ఇంటికే ముందు పోవాలి; ఆ ఇంట్లో ఒలిచే చేతులు రెండా ఎనిమిదా అన్నది ఎన్ని మూటలు దించాలో చెబుతుంది గాని, ఎప్పుడు పోవాలో చెప్పదు.

పంచేవాడు కూడా పనిచేయవచ్చు కదా అన్న ప్రశ్న వస్తుంది. పంపే పనిని విడిగా చూసుకునే భాగం ఆ కంప్యూటరులో ఉంటే అది పంపుతూనే లెక్కించగలదు. అప్పుడు ఎవరికైనా సరిపడా కొంత పంపడం లాభమే. అలాంటి భాగం లేక, పంపడమో లెక్కించడమో ఏదో ఒకటే చేయగలిగితే మాత్రం, ఒక ముక్కను పంపడానికి పట్టే కాలం దాన్ని తానే లెక్కించే కాలం కంటే తక్కువైతేనే పంపాలి. మూట మోసుకుపోయే వ్యవధిలో మూట మొత్తం ఇంట్లోనే ఒలిచేయగలిగితే గడప దాటనవసరం లేదు. ఉత్త పచ్చదనపు లెక్క ఈ కోవకే చెందుతుంది: ఒక తీసివేత, ఒక కూడిక, ఒక భాగహారం. దాన్ని నెట్‌వర్క్‌లో పంచడం సాధారణంగా దండగ.

పై లెక్కల్లో ఒక వృథా దాగి ఉంది. 9, 6, 4 పంపకంలో మూడో యంత్రం 27 నిమిషాలలో పనిచేసేది 8 నిమిషాలే. మిగతా 19 నిమిషాలూ అది మొదలుపెట్టడానికి ఎదురుచూస్తూ ఉంటుంది. వాటా మొత్తాన్ని ఒక్కసారే దించకుండా విడతలుగా దించితే ఈ ఎదురుచూపు తగ్గుతుంది. యంత్రాలు ఒక ముక్కను లెక్కిస్తూనే తర్వాతి ముక్కను అందుకోగలవని అనుకొని, మన 19 కోట్లను 50 లక్షల చొప్పున 38 ముక్కలు చేసి, రెండంటే రెండు యంత్రాలకే ఒకదాని తర్వాత ఒకటిగా పంపండి. ప్రతి ముక్క అర నిమిషంలో అందుతుంది, ఒక నిమిషంలో లెక్క ముగుస్తుంది; ఒక యంత్రం చేతిలోని ముక్క అయిపోయే క్షణానికి దాని తర్వాతి ముక్క సిద్ధంగా ఉంటుంది. చివరి ముక్క 19వ నిమిషానికి అంది, 20వ నిమిషానికి పని పూర్తవుతుంది. ఒకే విడతలో మూడు యంత్రాలు 27 నిమిషాలలో చేసిన పనిని రెండు యంత్రాలు 20 నిమిషాలలో ముగించాయి.

అలాగైతే ముక్కలను ఇంకా చిన్నవి చేద్దామా? కాగితం మీద చేస్తూనే పోవచ్చు, కాలం తగ్గుతూనే ఉంటుంది. నిజంలో ప్రతి పంపకానికీ ముక్క పరిమాణంతో సంబంధం లేని ఒక ప్రారంభ ఖర్చు ఉంటుంది: సంబంధం ఏర్పరచుకోవాలి, ఫైలు తెరవాలి, ప్రోగ్రాము లేవాలి. ఆటోను ఎన్నిసార్లు ఆపితే అన్నిసార్లు తాడు విప్పి కట్టినట్టు. ఆ ఖర్చు ముక్కకు 10 సెకన్లనుకుంటే, 38 ముక్కల పంపకం 20 నుంచి 26 నిమిషాల 20 సెకన్లకు చేరుతుంది. అత్యాశకు పోయి 5 లక్షల చొప్పున 380 ముక్కలు చేశారో, 82 నిమిషాలు దాటుతుంది. ఒక్క యంత్రానికి మొత్తం అప్పజెప్పి ఉంటే 57 నిమిషాల చిల్లరలో అయిపోయేది. ఈ రెండు కొసల మధ్య ఎక్కడ ఆగాలన్నదే విడతల పంపకంలోని నేర్పు. హెన్రీ కసనోవా, యాంగ్ యాంగ్ 2003 ప్రాంతంలో ప్రతిపాదించిన పద్ధతిలో మొదట చిన్న ముక్కలతో అందరినీ త్వరగా పనిలో దించి, తర్వాతి విడతల్లో ముక్క పరిమాణం పెంచుకుంటూ పోతారు. యంత్రాల వేగం ముందుగా తెలియనప్పుడు నడక దీనికి తలకిందులు: 1992లో హమ్మెల్, షోన్‌బర్గ్, ఫ్లిన్ వివరించిన ఫ్యాక్టరింగ్ పద్ధతిలో ముక్కలు పోనుపోను చిన్నవవుతాయి, చివర్లో ఎవరో ఒకరు పెద్ద ముక్కతో అందరినీ ఆపకుండా.

ప్రారంభ ఖర్చు చేరగానే సిద్ధాంతపు అందం కూడా కొంత చెదురుతుంది. అందరికీ పంపడం లాభం కానక్కరలేదు, కొందరిని పక్కన పెట్టవలసి రావచ్చు. ఎవరిని తీసుకోవాలి, ఏ వరుసలో నిలపాలి అన్నది తీగలూ యంత్రాలూ వేర్వేరు రకాలైనప్పుడు ఎన్.పి.-కఠిన సమస్యగా మారుతుందని నిరూపించారు. అంటే యంత్రాల సంఖ్య పెరిగేకొద్దీ ఉత్తమమైన జవాబును ఖచ్చితంగా వెతికే వేగవంతమైన మార్గమేదీ ఇప్పటికి ఎవరి చేతిలోనూ లేదు. ఫలితాలను తిరిగి తెచ్చుకోవడం మరో చిక్కు. మండలానికొక సగటు అంకె చాలనుకుంటే తిరుగు ప్రయాణాన్ని పట్టించుకోనక్కరలేదు. పూర్తి పటమే వెనక్కి రావాలంటే మాత్రం అందరూ ఒకే క్షణంలో ముగించడం మేలు చేయదు, అందరి ఫలితాలూ ఒకే దారి దగ్గర గుమిగూడతాయి. ముందు పంపినవారి నుంచి ముందు తెచ్చుకోవడమా, చివర పంపినవారి నుంచి ముందు తెచ్చుకోవడమా అన్నదానికి కూడా ఒక్క జవాబు లేదు. కొన్ని సందర్భాలలో ఉత్తమ వరుస ఈ రెండూ కాదు.

ఇప్పుడు ఆ మూడో షరతు. ముక్క ఎంత పెరిగితే పని అంతే పెరగాలన్నాము. ప్రతి చుక్కనూ మిగతా ప్రతి చుక్కతో పోల్చి చూడవలసిన పని వచ్చిందనుకోండి; చుక్కలు రెట్టింపైతే పని నాలుగు రెట్లవుతుంది. చుక్కలను పది గంపలుగా చేసి పది యంత్రాలకు ఇచ్చి, ప్రతి గంపలోనూ లోపలి పోలికలన్నీ చేయించాక లెక్క చూసుకుంటే, ఒక్కొక్క యంత్రం చేసినది మొత్తం పనిలో నూరో వంతు, పదీ కలిసి చేసినది పదో వంతు. ఒక గంపలోని చుక్కను మరో గంపలోని చుక్కతో పోల్చే తొమ్మిది పదో వంతుల పని అలాగే పడి ఉంది. సమాచారాన్ని పంచినంత మాత్రాన పనిని పంచినట్టు కాదు. ఇలాంటి భారాలకు విభాజ్య సూత్రాలను అన్వయించి గొప్ప వేగం సాధించామని చెప్పేవారిని, మిగిలిన పని ఎవరు చేశారని తప్పక అడగాలి. వరుసక్రమంలో పేర్చడం వంటి పనులు మధ్యస్థంగా ఉంటాయి. కొంత ముందస్తు ఏర్పాటు చేసుకుంటే వాటిని విభాజ్య భారంగా చూడడం పెద్ద తప్పేమీ కాదు.

మళ్లీ మన ఉమ్మడి జిల్లా పటానికి వద్దాం. ఒక చుక్కకు రెండు కాంతుల కొలతలు, కొలతకు రెండు బైట్లు. ఒక తేదీ పటం సుమారు 76 కోట్ల బైట్లు. జంట ఉపగ్రహాలు ఒకే చోటికి దాదాపు అయిదు రోజులకొకసారి వస్తాయి కనుక ఏడాదికి 73 పటాలు, పదేళ్లకు సుమారు 560 గిగాబైట్లు. సెకనుకు 100 మెగాబిట్ల పాత తీగమీద ఇంత సమాచారాన్ని పంచడానికి, ఆ తీగ ఒక్క క్షణం కూడా ఆగకుండా నడిచినా, పన్నెండు గంటలకు పైగా పడుతుంది. గిగాబిట్ తీగమీద గంటంబావు. యంత్రాలు ఎన్ని ఉన్నా ఇంతకంటే తగ్గదు.

అందుకే కొన్ని పెద్ద సంస్థలు సమాచారాన్ని పని మొదలయ్యే రోజున పంచడం మానేశాయి. గూగుల్ ఇంజనీర్లు 2004లో వివరించిన మ్యాప్‌రెడ్యూస్ పద్ధతి, దాని అడుగుజాడల్లో వచ్చిన హడూప్ అనే సాఫ్ట్‌వేర్ నిల్వ చేసేనాడే సమాచారాన్ని యంత్రాలన్నిటిలో చెదరగొట్టి పెట్టి, పని పడినప్పుడు ప్రోగ్రామును సమాచారం ఉన్నచోటికి పంపుతాయి. కోతల నాడే కాయల మూటలను ఆయా ఇళ్లలోనే దించి, తొలకరికి కబురు మాత్రమే పంపినట్టు. అయితే ఆ ఇల్లు తాళం వేసుకొని ఊరికి పోతే దానిలోని మూటలు అందవు కనుక, హడూప్ మామూలుగా ప్రతి ముక్కనూ మూడు చోట్ల ఉంచుతుంది. దారిలో మిగుల్చుకున్న కాలానికి బదులుగా మన 560 గిగాబైట్లు 1,680 గిగాబైట్ల డిస్కును ఆక్రమిస్తాయి.